ఏ వంతెన తాతయ్యా?

మా మనవడు మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కి కారులో తెగ తిరుగుతాడు. దారిలో రుడాల్ఫ్‌స్టైన్ దగ్గర సాలే నది దాటావు కదరా, వంతెన ఎలా ఉంది అంటే, "ఏ వంతెన తాతయ్యా?" అంటాడు. నూట ముప్పైలో పోయేవాడికి వంతెనేమిటి, నదేమిటి!

మా రోజుల్లో అది దాటామంటే అదో ఘనకార్యం. నదికి ఇవతల బవేరియా, అవతల తూర్పు జర్మనీ. ఇవతలి గట్టున, రోడ్డుకు అడ్డంగా పైన కట్టిన హోటల్ ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉందిలెండి. పిల్లల్ని అక్కడే బాత్రూముకు పంపించేది మా ఆవిడ. ఆ తర్వాత ఎన్ని గంటలు ఆపేస్తారో ఎవరికి తెలుసు? డిక్కీ తెరువు, సీటు ఎత్తు, కారు కిందకి చక్రాల అద్దం. ఒకసారి పులిహోర పొట్లం విప్పించి, ఆ పసుపేమిటని ఒకటే ఆరా. 1972లో రెండు జర్మనీల ఒప్పందం అమల్లోకి వచ్చాక సోదాలు తగ్గాయి గానీ, వందకు మించి నడిపితే జరిమానా మాత్రం తప్పేది కాదు. సోషలిజం వాళ్లది, కట్టాల్సింది పశ్చిమ మార్కుల్లో!

అసలు ఆ వంతెన తిన్న దెబ్బలేమైనా తక్కువా? ముప్పైలలో ఆటోబాన్‌తో పాటు రాతి కమాన్లతో కట్టారు. 1945లో ఓడిపోయి పారిపోతున్న జర్మన్ సైన్యమే పేల్చేసింది. ఇరవై ఏళ్లపాటు బండ్లన్నీ సందుగొందుల చుట్టుదారిన పోయాయి. చివరికి పశ్చిమం డబ్బిస్తే 1966లో మళ్లీ తెరిచారు. అదే ఏడాది, అక్కడికి దగ్గర్లోనే మోడ్లారాయిట్ అనే పిడికెడు ఊరికి నడిమధ్యన కాంక్రీటు గోడ కట్టారు. ఇక్కడ కలపడమూ, అక్కడ విడగొట్టడమూ ఒకే ఏడాది! ఈ లెక్క నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇప్పుడు పక్కనే ఇంకో వంతెన వేసి రోడ్డు వెడల్పు చేశారు. మంచిదే. ఆ తుపాకులు, ఆ క్యూలు మళ్లీ రావాలని నేనేమీ కోరుకోవడం లేదు. కానీ పైనుంచి పోయేవాడికి ఒక్క కమానూ కనపడదు కదా! ఒక్కసారి హైవే దిగి, నది ఒడ్డు నుంచి తలెత్తి చూడరా అంటాను. టైం లేదట. కారుకు కరెంటు ఎక్కించడానికి మాత్రం అరగంట కూర్చుంటాడు.