డిస్ట్రో వాస్తు

ఖతర్‌లో తెలుగువాళ్లకి దేనికి కొరత ఉన్నా ల్యాప్‌టాప్ సిద్ధాంతులకి మాత్రం లేదు. నజ్మాలో, మన్సూరాలో, బిన్ మహమూద్‌లో ఏ ఫ్లాట్ తలుపు తట్టినా ఒకరు దొరుకుతారు. "అన్నా, లినక్స్ వేశాక స్క్రీన్ బిగుసుకుపోతోంది, ట్రాక్‌ప్యాడ్ సరిగా పనిచెయ్యట్లేదు" అనడమే ఆలస్యం. ల్యాప్‌టాప్ మూతైనా తెరవకుండా తీర్పు వస్తుంది: "ఉబుంటూ నీకు అచ్చిరాలేదు తమ్ముడూ. మింట్‌కి మారిపో." ఉబుంటూ, మింట్ అనేవి లినక్స్‌లో రకాలు; వీటినే డిస్ట్రోలంటారు.

ఇంట్లో ఒకరికి దగ్గొస్తే వంటగది గోడ పడగొట్టమనే వాస్తు పండితుడికీ, ట్రాక్‌ప్యాడ్ కదలకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం పడగొట్టమనే ఈ సిద్ధాంతికీ తేడా ఒక్కటే. వాస్తు పండితుడు కనీసం ఇంటి చుట్టూ ఓసారి తిరిగొస్తాడు.

ఈ మధ్య వీళ్లకి గిరాకీ పెరిగింది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలంది, ప్రాసెసర్ తన జాబితాలో ఉండాలంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న ల్యాప్‌టాప్ బతికే ఉంది గానీ ఆ జాబితాలో లేదు. కొత్తది కొందామా అంటే, రియాళ్లని రూపాయల్లోకి మార్చి చూసుకోగానే చెయ్యి వెనక్కొస్తుంది. అందుకని పాత విండోస్‌ని ఒక పక్క ఉండనిచ్చి, మరో పార్టిషన్‌లో లినక్స్ వేసుకుంటాం. ఆలోచన బంగారంలాంటిది. చిక్కంతా ఆ తర్వాత జరిపించే శాంతులతోనే.

శుక్రవారం ఇక్కడ సెలవు కాబట్టి ముహూర్తం వెతకక్కర్లేదు. ఒక శుక్రవారం ఉబుంటూ పోయి మింట్ వస్తుంది. పై వారం మింట్ పోయి ఫెడోరా వస్తుంది. ఆ పై వారం సిద్ధాంతి గొంతు సవరించుకుని, "అసలు తెలిసినవాడెవడైనా ఆర్చే వాడతాడు" అంటాడు. ఇన్ని గృహప్రవేశాలయ్యాక కూడా ట్రాక్‌ప్యాడ్ బాణం ఉన్నచోటే ఉంటుంది.

ఎందుకు కదులుతుంది? మింట్ ప్రధాన ఎడిషన్ తయారయ్యేది ఉబుంటూ నుంచి. ఉబుంటూ వచ్చింది డెబియన్ నుంచి. అన్నిటికీ అడుగున ఉన్నది లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నల్ అనే గుండెకాయే. ట్రాక్‌ప్యాడ్‌తో మాట్లాడే డ్రైవర్ ఆ కెర్నల్లో ఉంటుంది. వేలు ఎటు కదిలిందో, రెండు వేళ్లతో లాగామో అర్థం చేసుకునే పని ఇవాళ చాలా డిస్ట్రోల్లో లిబ్‌ఇన్‌పుట్ అనే ఒకే లైబ్రరీది. గుమ్మానికి రంగు మార్చి దిక్కు మారిందనుకుంటే దిక్కేం చేస్తుంది పాపం?

నిజమే, ఒక్కోసారి డిస్ట్రో మార్చగానే బాగవుతుంది. కొత్త డిస్ట్రోతో పాటు కొత్త కెర్నల్ వస్తుంది, అందులో మన ట్రాక్‌ప్యాడ్‌కి కావలసిన సవరణ ఉండి ఉంటుంది. ఉన్న డిస్ట్రోలోనే కెర్నల్ అప్‌డేట్ చేసుకున్నా అదే ఫలితం. కానీ ఆ ఒక్క విజయంతో సిద్ధాంతి కీర్తి అల్ ఖోర్ దాకా పాకుతుంది. బాగుపడని పది ల్యాప్‌టాప్‌ల సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక ఇక్కడ దోహాలో ఎదురయ్యే దోషం ఒకటుంది. ఇక్కడి గోడల్లో ఎక్కువగా కనిపించేది బ్రిటిష్ తరహా చదరపు పిన్నుల సాకెట్. మన చార్జర్‌వి గుండ్రటి పిన్నులు. మధ్యలో ఓ చవక అడాప్టర్ పెడతాం. కొన్ని అడాప్టర్లలో మూడో పిన్ను ఉత్త ప్లాస్టిక్. సాకెట్ లోపలి మూత తెరవడానికే తప్ప ఎర్త్ అందించడానికి పనికిరాదు. ట్రాక్‌ప్యాడ్ మన వేలిని గుర్తుపట్టేది అతి సూక్ష్మమైన విద్యుత్ మార్పుతో. ఎర్త్ లేనప్పుడు చార్జర్ నుంచి వచ్చే నాయిస్ ఆ కొలతని చెడగొడుతుంది, బాణం తైతక్కలాడుతుంది. ల్యాప్‌టాప్‌కి లోహపు ఒళ్లయితే చెయ్యి ఆనించినప్పుడు సన్నగా జివ్వుమంటుంది కూడా. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. బాణం కుదురుకుంటే దోషం గోడ దగ్గరుంది. ఆర్చ్ వేసినా, అశ్వమేధం చేసినా ఆ ప్లాస్టిక్ పిన్ను ఇత్తడి కాదు.

రెండో దోషం పొరుగింటిది. విండోస్ 8తో 2012లో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన కెర్నల్‌ని డిస్క్‌లో దాచుకుని కునుకు తీస్తుంది. ఆ స్థితిలో లినక్స్ తెరిస్తే విండోస్ పార్టిషన్‌లో రాయడం కుదరకపోవచ్చు. కొన్ని యంత్రాల్లో వైఫై, ట్రాక్‌ప్యాడ్ లాంటివి విండోస్ వదిలేసిన స్థితిలోనే మొరాయిస్తాయి. కంట్రోల్ ప్యానెల్‌లో ఒక టిక్కు తీసేస్తే సరిపోయే పనికి మూడు శుక్రవారాల హోమం చేయిస్తాడు మన సిద్ధాంతి.

స్క్రీన్ బిగుసుకుపోవడమూ ఒకే రకం కాదు. పాట సాగుతూ బొమ్మ ఆగిపోతే గ్రాఫిక్స్ వైపు చూడాలి. డిస్క్ లైటు ఆపకుండా మిణుకుతుంటే ర్యామ్ నిండిపోయిందేమో చూడాలి. 4 జీబీ ర్యామ్‌లో ముప్పై ట్యాబులు తెరిచి లినక్స్‌ని తిట్టేవాళ్లకి ఏ వాస్తూ పనిచెయ్యదు. క్యాప్స్ లాక్ దీపం కూడా వెలగనంటే కెర్నలే పడిపోయి ఉండొచ్చు. ఇంటెల్ 2013లో తెచ్చిన బే ట్రెయిల్ చిప్పులున్న యంత్రాలు లినక్స్‌లో ఏళ్ల తరబడి ఇలాగే కొయ్యబారాయి. ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ మరీ లోతైన నిద్రలోకి జారడం దగ్గర వచ్చిన తంటా అది. ఆ నిద్రకి హద్దు పెట్టే సెట్టింగ్ ఒకటి బూట్ లైన్‌లో చేరిస్తే చాలామందికి తగ్గింది. పాపం, వాళ్లలో ఎందరు అప్పటికే ఎన్ని డిస్ట్రోల ప్రదక్షిణ చేశారో!

ఎదుటి పక్షం సిద్ధాంతులు వేరే ఉన్నారు. "లినక్సంటేనే అంత, నోర్మూసుకుని విండోస్ వాడుకో" అంటారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో లోకంలో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేసుకుని కూర్చున్నప్పుడు వీళ్లెవరూ నోరెత్తలేదు. ఈ శాస్త్రంలో తన ఇంట్లో వచ్చిన దోషం దోషం కాదు.

లినక్స్ తన జబ్బు తానే లాగ్‌లో రాసిపెట్టుకుంటుంది. జర్నల్‌సీటీఎల్ ఆదేశానికి మైనస్ బి, మైనస్ ఒకటి తగిలిస్తే కిందటిసారి బిగుసుకుపోయే ముందు ఏం జరిగిందో చాలావరకు చదువుకోవచ్చు. సిద్ధాంతులకి అది గిట్టదు. చదివితే కారణం తెలుస్తుంది, కారణం తెలిస్తే వాళ్లతో పనుండదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఈసారి ఎవరైనా డిస్ట్రో మార్చమంటే మూడు ప్రశ్నలు వెయ్యండి. నా ట్రాక్‌ప్యాడ్ ఏ కంపెనీది? నా కెర్నల్ వెర్షన్ ఎంత? లాగ్‌లో ఆఖరి లైను ఏమిటి? మూడూ అడగకుండా మందు చెప్పినవాడి మాట వినకండి. శుక్రవారం హాయిగా నిద్రపోండి. లేచాక ముందు అడాప్టర్ మార్చండి.