చెమట పట్టకుండా ఇంజనీరై ప్యాకేజీ కొట్టే 8 చిట్కాలు

ఏ బ్రాంచికి ఎంత జీతం, ఏది చదివితే ఎక్కడిదాకా ఎదగొచ్చు అని బుర్ర పాడుచేసుకోకండి. కింద చెప్పినట్టు చేయండి, చాలు.

1. బ్రాంచి మీరు ఎంచుకోకండి. అమెరికాలో ఉన్న పెద్దమ్మ కొడుకు ఏం చదివాడో కనుక్కోండి. వెబ్ ఆప్షన్లలో పై నుంచి కిందిదాకా సీఎస్ఈనే పెట్టండి. పక్కన ఏఐ, ఎంఎల్ అని ఉంటే మరీ మంచిది. అదంతా లెక్కల మీదే నడుస్తుందని రెండో ఏడాదిదాకా తెలియదు, అప్పటికి ఫీజు కట్టేసి ఉంటారు.

2. కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలో ఎలక్ట్రికల్, మెకానికల్ వస్తే వదిలేయండి. గేట్ స్కోరు చూసి ఎన్‌టీపీసీ వాళ్లు ఈ బ్రాంచీల వాళ్లని తీసుకుంటారు. సివిల్ వాళ్లకి ఏఈఈ పోస్టులున్నాయి. కానీ వాటన్నిటికీ కూర్చుని చదవాలి. మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈకి నాన్న పొలం అమ్మితే సరిపోతుంది.

3. హాజరు 75 శాతం అక్కర్లేదు. 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండొనేషన్ తెచ్చుకోవచ్చు. ఒకే జబ్బు రెండుసార్లు రాయించకండి. ఏ సెమిస్టర్లో టైఫాయిడో, ఏ సెమిస్టర్లో కామెర్లో ఫోన్లో రాసిపెట్టుకోండి.

4. పుస్తకాలు కొనకండి. పరీక్ష ముందురోజు రాత్రి ఆల్ ఇన్ వన్ తెరవండి. పోతే సప్లీ ఉంది. ఇంట్లో అడిగితే "పేపర్ సిలబస్‌లోంచి రాలేదు" అనండి.

5. ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనండి. కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ ఇస్తారు. పై అట్ట మీద పేర్లు మార్చండి. లోపలి పేజీల్లో పాత బ్యాచ్ పేర్లున్నా పర్లేదు. వైవాలో "అది నా మాడ్యూల్ కాదు సార్" అంటే గట్టెక్కుతారు.

6. జీతమంటే సీటీసీయే. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ పే అన్నీ అందులోనే కలిపేస్తారు, చేతికొచ్చేది తగ్గుతుంది. మీరు మాత్రం సీటీసీని 12తో భాగించి ఊళ్లో చెప్పండి. కారు ఈఎంఐ కూడా ఆ లెక్క మీదే పెట్టండి. తక్కువపడితే క్రెడిట్ కార్డు గీకండి.

7. ఫ్రెషర్ జీతం చాలదనిపిస్తే 3 ఏళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకోండి. ఫోన్ ఇంటర్వ్యూకి ఫ్రెండ్‌ని కూర్చోబెట్టండి. వీడియో అయితే వాడు మాట్లాడతాడు, మీరు పెదాలు కదపండి. వెరిఫికేషన్లో యూఏఎన్ చూసి ఒక్క నెల పీఎఫ్ కూడా పడలేదేమని అడిగితే, "చిన్న స్టార్టప్ సార్, కట్టలేదు" అనండి. నమ్మకపోతే ఇంకో కంపెనీ చూసుకోండి.

8. ఉద్యోగంలో చేరాక కొత్తది ఏదీ నేర్చుకోకండి. నేర్చుకుంటే పని చెప్తారు. పొద్దున స్టాండప్‌లో "నిన్నటిదే చేస్తున్నా" అనండి. గట్టిగా అడిగితే "యాక్సెస్ రాలేదు" అనండి. ప్రాజెక్టు అయిపోతే బెంచ్ మీద హాయిగా కూర్చోండి. బెంచ్ మీంచి తీసేస్తే మార్కెట్ బాలేదని చెప్పండి.

పని రానివాడికి ఎవరూ పని చెప్పరు, ఇంటికి పంపేస్తారు. ముప్పై నిండకుండానే ఇంత విశ్రాంతి ఏ బ్రాంచీ ఇవ్వదు. ఇవాళే మొదలుపెట్టండి, ఇంటర్ చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ తప్పకుండా చెప్పండి.