వీడియో గేమ్ రిమోట్ పోర్టు బాగుచేయడం: కావలి పద్ధతి

అటక మీది వీడియో గేమ్ సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడు కిందికి దిగుతుంది. అది సమురాయ్ కావచ్చు, లిటిల్ మాస్టర్ కావచ్చు, పేరు సగం చెరిగిన టెర్మినేటర్ కావచ్చు. పైన ఏ పేరున్నా లోపల ఉండేది 1983లో జపాన్‌లో నింటెండో అమ్మకానికి పెట్టిన ఫామికామ్‌కు నకలే. పాత టీవీకి తగిలిస్తారు. పాట వస్తుంది, మారియో వస్తాడు. ఎంత నొక్కినా కదలడు. అక్కడి నుంచి నేను చెప్పినట్టు చెయ్యండి.

ముందుగా తప్పు పోర్టుదేనని తీర్మానించుకోండి. పరీక్షలు తరవాత చూసుకోవచ్చు, చూడకపోయినా నష్టం లేదు. ఈలోపు ఇంట్లో పిలకాయలెవరో "నాన్నా, ఈ రిమోట్ అటు, ఆ రిమోట్ ఇటు పెట్టి చూద్దామా" అంటారు. వెంటనే వాళ్లను బెల్లం తెమ్మని అంగడికి పంపండి. అలా మారిస్తే రోగం రిమోట్ వెంటే పోయిందా, పోర్టులోనే ఉండిపోయిందా అన్నది నిమిషంలో తేలిపోతుంది. చాలాసార్లు రిమోట్ వెంటే పోతుంది కూడా. పోర్టు నిర్దోషి అని తేలాక, ఎదురింటి నుంచి అరువు తెచ్చిన స్క్రూడ్రైవర్ని ఏం చేసుకుంటారు?

జంప్ బటన్ ఒక్కటే పనిచేయకపోయినా సరే, పోర్టునే విప్పండి. ఇక్కడ చదువుకున్నవాళ్లు అడ్డం పడతారు, జాగ్రత్త. వాళ్ల వాదన ఇదీ. ఈ జాతి రిమోట్‌లో ఉండే ఎనిమిది బటన్లకు ఎనిమిది తీగలుండవు, సమాచారం అంతా ఒకే తీగ మీద వస్తుంది. గేమ్ ఒకసారి 'లాచ్' సంకేతం పంపుతుంది. ఆ క్షణాన ఏయే బటన్ నొక్కి ఉందో రిమోట్‌లోని చిప్పు పట్టి ఉంచుతుంది. ఆ తరవాత 'క్లాక్' తీగ మీద ఒక్కో తట్టుకూ ఒక్కో బటన్ కబురు వరసగా వస్తుంది: ఏ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. మన టీవీల లెక్కలో బొమ్మ సెకనుకు 50 సార్లు మారుతుంది గనక, ఈ హాజరు పట్టీ కూడా మామూలుగా సెకనుకు 50 సార్లు పిలుస్తారు. ఏడుగురు పలికిన తీగ మీద ఒక్కరు పలకలేదంటే తీగదీ పోర్టుదీ తప్పు కాదు. ఆ బటన్ కింది రబ్బరుకున్న నల్లటి కార్బన్ బిళ్ల అరిగిపోయిందనో, దాని కింద దుమ్ము చేరిందనో అర్థం. వినడానికి బాగానే ఉంటుంది. వింటే మాత్రం పోర్టు విప్పాలన్న హుషారంతా నీరుగారిపోతుంది. వినకండి.

బటన్లన్నీ ఒకేసారి చచ్చిపోయాయా? అప్పుడు వాళ్లు కేబుల్ మీద పడతారు. కరెంటు, గ్రౌండ్, లాచ్, క్లాక్, డేటా అని లోపల ఐదు సన్నటి తీగలుంటాయనీ, ఆడాక కేబుల్‌ను రిమోట్ చుట్టూ బిగించి చుట్టే అలవాటు వల్ల ప్లగ్గు మొదట్లోనో, రిమోట్ మెడ దగ్గరో తెగుతాయనీ చెబుతారు. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి, ఒక్కో తీగా ఈ చివర నుంచి ఆ చివరకు చూడమంటారు. చూస్తూ కేబుల్ మెల్లగా వంచమంటారు. అంత ఓపికే ఉంటే మనం కాంట్రా ఆటలో మూడు ప్రాణాలు ఎందుకు పోగొట్టుకుంటాం?

ఇక పిన్నులు. మన కావలి ఊళ్లో ఈ అధ్యాయం పెద్దదే. తుమ్మలపెంట సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు, దానికి తోడు ఈశాన్య రుతుపవనం తేమ. అటక మీద అట్టపెట్టెలో ఉన్నా పోర్టు పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. ఉప్పుగాలి చేసిన పాపానికి ఉప్పు కాగితమే ప్రాయశ్చిత్తం. పిన్ను తళతళలాడేదాకా రుద్దండి. పైన ఉన్న పల్చటి పూత లేచిపోతుంది, లోపలి లోహం గాలికి తేలుతుంది, వచ్చే కార్తీకానికి చిలుము ఇంకా తొందరగా పడుతుంది. ఏటా చేసుకోవడానికి పని మిగులుతుంది. కాగితం దొరకకపోతే నోటితో ఊదండి, ఆ తడికి ఉన్న చిలుమూ బలపడుతుంది. అమ్మాయి గోళ్ల రంగు తుడిచే మందు కూడా బ్రహ్మాండం. అందులో అసిటోన్ ఉంటే ప్లాస్టిక్‌ను మెత్తబరచి పోర్టుకు కొత్త రూపం ఇస్తుంది. కొబ్బరినూనె రాస్తే ఊరి దుమ్మంతా అక్కడ కొలువుంటుంది. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను చెవిపుల్లకు అద్ది, సెట్టు ఆపి తుడిస్తే పైపై మురికి పోయి తడి దానంతట అదే ఆరిపోతుందని కొందరు అంటారు. అంత సులువుగా అయిపోయే పనికి ఇంట్లో ఏం గౌరవం దక్కుతుంది?

బోర్డు బయటికి తీశాక భూతద్దం జోలికి వెళ్లకండి. పిన్ను మొదట్లో సోల్డర్ చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తే టీవీ మెకానిక్కులు దాన్ని 'డ్రై సోల్డర్' అంటారు. తుపాకీ గుండు తప్పించుకోవడానికి ఆటగాడు రిమోట్‌తోపాటు సెట్టును కూడా పక్కకు లాగినప్పుడల్లా పడిన దెబ్బ అది. పోర్టు నిజంగా నేరం చేసిన కేసు బహుశా ఇదొక్కటే. 25 వాట్ల ఐరన్, కాస్త ఫ్లక్స్, రవ్వంత కొత్త సోల్డర్, రెండు మూడు సెకన్లు చాలునట. మనకు చాలదు. బిట్రగుంట లోకో షెడ్డులో ఆవిరింజన్లను బాగుచేసిన సీమ మనది. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే లావు ఐరన్ పట్టుకుని, కింది రాగి ట్రాక్ అప్పడంలా పైకి లేచేదాకా తీయకండి.

కొత్త రిమోట్ కొనేటప్పుడు ఒక్కటే చూడండి, దూరుతుందా లేదా. తొమ్మిది పిన్నుల ప్లగ్గు 1977 నాటి అటారీకీ ఉంది, 1988 నాటి సెగా మెగా డ్రైవ్‌కూ ఉంది, మన నకళ్లలో చాలావాటికీ ఉంది. ఆకారం ఒకటే, లోపల ఏ పిన్నుకు ఏ తీగ అన్నది వేరు. రెండు నకళ్ల మధ్య కూడా తేడా ఉంటుంది. ఒకదాని ఐదు వోల్టులు ఇంకోదాని గ్రౌండును కలిసే అవకాశం ఉంది, అదీ సెట్టు ఆన్‌లో ఉండగా దూరిస్తేనే మజా. బోర్డు మీద మూడు కాళ్ల 7805 రెగ్యులేటర్ వేడెక్కి వాసన కొడితే, యంత్రంలో ఇంకా చలనం ఉందని సంతోషించండి.

డక్ హంట్ ఆటలో తుపాకీతో ఎంత కాల్చినా బాతులు ఒక్కటీ పడటం లేదా? టీవీ కొత్త ఎల్‌ఈడీ అన్న సంగతి ఎవరూ ఎత్తకుండా చూసుకోండి. ఆ తుపాకీ పిక్చర్ ట్యూబు వెలుగును కనిపెట్టడానికి చేసినది. ట్రిగ్గర్ నొక్కిన రెప్పపాటులో తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వెలగాలి. కొత్త టీవీ ఆ డబ్బాను ఆలస్యంగా చూపిస్తుంది, పైగా దాని వెలుగు తీరే వేరు. తుపాకీ పోర్టు ఎన్నిసార్లు మార్చినా బాతులు ఎగురుతూనే ఉంటాయి. మార్చండి.

చివరికి ట్రంకురోడ్డు మీదికి, ఒకప్పుడు టీవీలు చూసి ఇప్పుడు సెల్‌ఫోన్లు చూస్తున్న మెకానిక్ దగ్గరికి వెళ్లక తప్పదు. "ఏమీ చెయ్యలేదన్నా, పెట్టింది పెట్టినట్టే ఉంది" అనండి. లేచిన ట్రాక్ వంక అతను చూస్తున్నంతసేపు మీరు రోడ్డు వంక చూడండి. "ఇంకో చెడిపోయిన సెట్టుంటే తీసుకురా అన్నా, దాని పోర్టు పీకి దీనికి వేద్దాం" అంటాడతను. అందుకని ఇంట్లో అలాంటిది ఉంటే, బయలుదేరే ముందే పాత సామాన్ల బండికి వేసెయ్యండి.