మంచు మీద వినకూడని సలహాలు

తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, సంక్రాంతి రోజుల్లో లారీలకు దారి కనబడనివ్వనిదీ మంచే, గుల్‌మార్గ్‌లో మోకాలిదాకా పడేదీ మంచే. మనకు అన్నిటికీ ఒకే మాట. అందుకేనేమో, చలికాలంలో కశ్మీరు బయల్దేరేవాళ్ళకి చెప్పే ధైర్యాలు కూడా మంచంతా ఒకటేనన్నట్టు ఉంటాయి. వాటిలో ప్రాణం తీసేవి కొన్ని రాస్తున్నాను. ఎవరు చెప్పినా వినకండి.

‘కురవడం ఆగింది, ఎండ కాసింది, ఇక భయం లేదు.’ అన్నిటికన్నా చెడ్డది ఇదే. కొండ మీద మంచు పొరలుపొరలుగా పేరుకుంటుంది. సీజను మొదట్లో పడిన పల్చటి పొర, మబ్బులేని చలిరాత్రుల్లో, నేల వెచ్చదనానికి లేచే ఆవిరితో పంచదార పలుకుల్లా మారిపోతుంది. పలుక్కీ పలుక్కీ అతుకు ఉండదు. దానిమీద జనవరిలో రెండు మూడడుగుల కొత్త మంచు పడి, గాలికి బిగిసి పలక కడుతుంది. ఏటవాలు గచ్చు మీద పంచదార పోసి నాపరాయి పరిచినట్టే. ఒకరోజు ఎండకి ఆ పంచదార అతుక్కోదు. పెద్ద మంచు పడ్డాక ఒకటి రెండు రోజులు మరీ ప్రమాదం. అడుగున ఇలాంటి పొర ఉంటే వారాలైనా గండం తీరదు.

‘ఇందాకే పదిమంది వెళ్ళారు.’ పలక అంతటా ఒకే మందం ఉండదు. పదకొండోవాడి కాలు పలచటి చోట పడవచ్చు. కాలికింద మంచు గుమ్మని కుంగినా, అడుగు దగ్గర్నుంచి పగులు పాకినా, ఆ వాలు మీద ఇంకో అడుగు వేయకండి.

‘అరవకండి, మంచు కూలుతుంది.’ సినిమాల వల్ల పాతుకుపోయిన మాట. కూల్చేది గొంతు కాదు, బరువు. చిక్కుకుపోయేవాళ్ళలో ఎక్కువమంది విషయంలో ఆ బరువు వాళ్ళదో, వెంట ఉన్నవాళ్ళదో. ప్రమాదం కనిపిస్తే గొంతెత్తి అరవండి.

‘మరీ నిటారుగా లేదుగా!’ పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే. మన మేడమెట్ల వాలు దాదాపు అంతే. మీరు నడిచే చోటు చదునైనా, తలమీద అలాంటి వాలు ఉంటే దాని కిందకు వెళ్ళొద్దు.

‘గండోలా టికెట్టు ఇచ్చారంటే క్షేమమే.’ గుల్‌మార్గ్‌లో గండోలా అనే తీగబండి చేర్చే ఆఫర్‌వత్ కొండ మీద గస్తీ ఉండే హద్దు ఒకటుంది. అది దాటితే కొండ కొండే. 2023 ఫిబ్రవరిలో ఆ కొండ మీదే ఇద్దరు పోలండు స్కీయర్లు మంచు చరియల కింద చనిపోయారు. చండీగఢ్‌లోని రక్షణ శాఖ సంస్థ డీజీఆర్‌ఈ హెచ్చరికలు ఇస్తుంది. ఆ రోజుది చూడందే గదిలోంచి కదలకండి.

‘కూరుకుపోయినా సైన్యం వచ్చి తీస్తుంది. సియాచిన్‌లో హనుమంతప్ప ఆరు రోజులు బతకలేదా?’ ఈ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. 2016 ఫిబ్రవరి 3న హనుమంతప్పతో కలిపి మంచు చరియ కింద పడ్డ జవాన్లు పదిమంది. తొమ్మిదిమంది అక్కడే పోయారు, వారిలో మన కర్నూలు జిల్లా జవాను ఒకరు. హనుమంతప్ప కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూశాడు. కూరుకున్నవాడిని పావుగంటలోపు తీస్తే చాలావరకు బతుకుతాడు. అరగంట దాటితే ఆశ సగానికి సగం పడిపోతుంది. అంతలో ఏ హెలికాప్టరూ రాదు, పక్కనున్నవాడే తవ్వాలి. హద్దు దాటేవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరా సిగ్నలిచ్చే బీకన్, గుచ్చిచూసే పొడవాటి ఊచ, పార ఉండాలి. ఉన్నాయో లేవో కిందనే, సంచులు విప్పించి చూడండి.