భోగి మంటలో పడని సామాను

గొడవంతా ముగ్గు ఫొటో దగ్గర మొదలైంది.

భోగి ముందురోజు సాయంత్రం మా అమ్మ వాకిట్లో మెలికల ముగ్గు వేసింది. నడుము పట్టేసినా లెక్కచేయకుండా గంటన్నర వంగి వేసిన ముగ్గు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి పంపాలని ఫోన్ ఎత్తి నొక్కింది. ఫొటో పడలేదు. ఇంకోసారి నొక్కింది. ఏదో అక్షరాల చీటీ వచ్చి పడింది.

“ఒరేయ్, ఇది ఒద్దంటోందిరా.”

“ఒద్దనడం కాదమ్మా, స్టోరేజీ నిండిపోయిందట. చోటు లేదు.”

“నేను అందులో ఏం పెట్టాను, చోటు లేకపోవడానికి?”

న్యాయమైన ప్రశ్నే. అమ్మ అందులో ఏమీ పెట్టలేదు. మా ఇంట్లో పొలమూ పుట్రా పెద్దల నుంచి పిల్లలకి వస్తే, ఫోన్లు మాత్రం పిల్లల నుంచి పెద్దలకి వస్తాయి. ఆ ఫోన్ మొదట మా అబ్బాయిది. వాడు కొత్తది కొనిపించుకున్నాక నాకొచ్చింది. నాతో రెండేళ్ళు కాపురం చేశాక అమ్మకి వెళ్ళింది. కాబట్టి అందులో వాడి రేసు కార్లూ, నా మ్యూచువల్ ఫండ్లూ, అమ్మ పంచాంగాలూ మూడు తరాల సామానులా కలిసిపోయి ఉన్నాయి.

వీధి చివర కుర్రాళ్ళు భోగి మంటకి పాత సామాను పోగేస్తున్నారు. విరిగిన కుర్చీ, చెదలు తిన్న తలుపు రెక్క, ఎవరిదో ఒంటికాలి బల్ల. వాళ్ళని చూస్తే నాకూ ఉత్సాహం వచ్చింది. “మనం కూడా ఫోన్‌కి భోగి చేసేద్దాం అమ్మా” అన్నాను. అరగంట పని అనుకున్నాను.

లెక్కపెడితే మొత్తం తొంభై మూడు బొమ్మలు తేలాయి. ‘బొమ్మ’ అమ్మ మాట. యాప్ అంటే బొమ్మ, వాట్సాప్ అంటే ఆకుపచ్చ బొమ్మ. ఈ తొంభై మూడిట్లో ఆవిడకి తెలిసినవి ఐదు. మిగతావి ఎలా వచ్చాయో ఆలోచిస్తే కొన్ని గుర్తొచ్చాయి. కుక్కర్ గ్యాస్కెట్ కొనడానికి వెళితే కౌంటర్లో అబ్బాయి “యాప్ వేసుకోండి సార్, పది శాతం తగ్గుతుంది” అన్నాడు. గ్యాస్కెట్ ఎప్పుడో సాగిపోయింది, యాప్ గట్టిగానే ఉంది. నగల కొట్టువాడిది ఒకటి, గీకితే కూపన్ వస్తుందని వేయించాడు. గీకాం. ‘ఈసారి ప్రయత్నించండి’ అని వచ్చింది. ఆ ఈసారి కోసం మూడేళ్ళుగా అది ఎదురుచూస్తోంది. టార్చి యాప్ ఒకటి. ఫోన్‌లో టార్చి పుట్టుకతోనే ఉందని తెలియని రోజుల్లో వేసుకున్నది. ఇక శుభ్రం చేసే యాప్ ఉంది చూశారూ, దాని సంగతి వేరే. ‘మీ ఫోన్‌లో చెత్త పేరుకుంది’ అని పూటకోసారి హెచ్చరిస్తుంది. ఊడవడానికి పిలిస్తే చీపురూ బకెట్టూ తట్టాబుట్టాతో సహా మనింట్లోనే మకాం పెట్టినవాడిలాంటిది. చూడబోతే అన్నిట్లోకీ ఎక్కువ చోటు ఆక్రమించినవాటిలో అదొకటి.

ఒక్కొక్క బొమ్మనీ నొక్కి పట్టుకుని పైకి ఈడ్చాను. పైన రెండు మాటలు కనిపించాయి, ఒకవైపు రిమూవ్, ఇంకోవైపు అన్‌ఇన్‌స్టాల్. నాకు రిమూవ్ దగ్గరగా ఉంది. పది, ఇరవై, నలభై. తెర మీద మంచి గాలి ఆడినట్టయింది. “ఇప్పుడు తియ్యి ఫొటో” అన్నాను, గోదావరి వరదకి గట్టు కట్టినవాడిలా.

చోటు లేదంది.

మా చెల్లెలి కొడుకు తొమ్మిదో తరగతి. పండక్కి వచ్చి సోఫాలో పడుకుని, తల కూడా ఎత్తకుండా చేయి చాచాడు. ఫోన్ ఇచ్చాను. రెండు క్షణాలు చూసి, “మావయ్యా, నువ్వు ఎవర్నీ ఇల్లు ఖాళీ చేయించలేదు. గుమ్మం మీద పేరు బోర్డు పీకేశావంతే. అందరూ లోపలే ఉన్నారు” అన్నాడు. కిందినుంచి పైకి తోస్తే నిజంగానే అందరూ అక్షర క్రమంలో బారులు తీరి కూర్చుని ఉన్నారు, బంతి భోజనానికి వచ్చినట్టు.

మళ్ళీ మొదటినుంచి. ఈసారి అన్‌ఇన్‌స్టాల్ వైపే ఈడ్చాను. నగల కొట్టు పోయింది. గ్యాస్కెట్ పోయింది. ఊడ్చేవాడు పోయాడు. కానీ పద్దెనిమిదో ఇరవయ్యో మిగిలిపోయాయి. వాటిని ఎంత ఈడ్చినా అన్‌ఇన్‌స్టాల్ అనే మాటే రాదు. సెట్టింగుల్లోకి వెళితే డిసేబుల్ అంటుంది. డిసేబుల్ చేస్తే అవి పనిచేయవు, తెర మీద కనపడవు, మనల్ని పలకరించవు. అంతేగాని ఇల్లు వదలవు. తర్వాత వచ్చిన అప్‌డేట్ల తాలూకు బరువు దిగుతుంది, కంపెనీవాడు పుట్టుకతో పెట్టి పంపిన ముద్ద మాత్రం ఎక్కడిది అక్కడే.

ఇది అద్దె ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మూడు గదులకి అద్దె కడతాం, ఒక గదికి ఓనరు తాళం వేసి ఉంచుతాడు. “మా సామాను కొంచెం ఉందండీ, మీకేం అడ్డం రాదు” అంటాడు. పెట్టె మీద 64 జీబీ అని రాసి ఉంటుంది, మనం అరవై నాలుగింటికీ డబ్బు కడతాం, ఓనరు గది పోను మిగిలింది మనది. ఈ గది పేచీ పెద్దవాళ్ళ దాకా వెళ్ళింది కూడా. 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, ఫోన్‌తో పాటు వచ్చే తన యాపుల్ని జనం తీసేసుకుంటామంటే అడ్డుపడొద్దని కూడా చెప్పింది. ఇది చదివిన రోజున నాకు ఎంత ఆనందం కలిగిందంటే, వెంటనే అమ్మ ఫోన్ తీసి చూశాను. అమ్మ ఫోన్ పేపరు చదవదు.

ఓనర్లని అంటాం గాని, సర్కారువారికీ ఆ గది మీద మోజు లేకపోలేదు. 2025 నవంబరు చివర్లో సంచార్ సాథీ యాప్‌ని కొత్త ఫోన్లన్నిటిలో ముందే పెట్టి అమ్మాలని టెలికాం శాఖ ఆదేశించింది. దాన్ని తీసేయొచ్చా తీసేయకూడదా అని దేశమంతా వాదించుకుంది. డిసెంబరు 3న తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకున్నారు. యాప్ సంగతి ఎలా ఉన్నా, ఉత్తర్వు మాత్రం వారంలోపే అన్‌ఇన్‌స్టాల్ అయిపోయింది. మా ఇంట్లో ఒక్క వాల్‌పేపర్ల యాప్‌ని వదిలించుకోవడానికి ఇంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

నా అనుభవంలో అన్నిట్లోకీ చిత్రమైనది 2020 నాటిది. ఆ మే నెలలో జైపూర్ కంపెనీ ఒకటి ‘రిమూవ్ చైనా యాప్స్’ అని ఒక యాప్ తెచ్చింది. ఫోన్‌లో చైనా యాపులు ఏవో వెతికి చూపించి తీసేయమంటుంది. కొద్ది రోజుల్లోనే యాభై లక్షలకి పైగా డౌన్‌లోడ్లు. వాటిలో ఒకటి నాది. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని దేశసేవ చేసే వీలు ఇంకెక్కడ దొరుకుతుంది? జూన్ మొదట్లో గూగుల్ ఆ యాప్‌నే తన ప్లే స్టోర్ నుంచి తీసేసింది. ఇతరుల యాపుల్ని తీసేయమని జనాన్ని ఎగదోయకూడదనేది వాళ్ళ నియమం. అదే నెల 29న ప్రభుత్వమే టిక్‌టాక్, షేర్‌ఇట్, క్యామ్‌స్కానర్‌తో సహా యాభై తొమ్మిది యాపుల్ని నిషేధించింది. అంటే తీసేయాల్సినవి పోయాయి, తీసేసేదాన్నీ తీసేశారు. నా ఫోన్‌లో మాత్రం అది ఇంకో ఏడాది పాటు, పెళ్ళివారు వెళ్ళిపోయినా షామియానా కింద మిగిలిన బ్యాండుమేళం మనిషిలా ఒంటరిగా నిలబడింది. తనని తను తీసేసుకోవడం దానికి నేర్పలేదు కాబోలు.

తమ్ముడు ఆ రాత్రి వీడియో కాల్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. వాడు నవ్వుతాడనుకుంటే నిట్టూర్చాడు. వాడిది ఐఫోన్. అందులో బొమ్మని నొక్కి పట్టుకుంటే అన్నీ గజగజ వణకడం మొదలుపెడతాయట. అలా వణికే ప్రాణుల్ని చూస్తూ మైనస్ గుర్తు నొక్కాలంటే కసాయి గుండె కావాలి. వాడిది కాదు. అయినా జనవరి ఒకటిన ఉత్సాహపడి వేసుకున్న యోగా యాప్‌ని ఫిబ్రవరిలో కళ్ళు మూసుకుని తీసేశాడు. పీడా వదిలిందనుకున్నాడు. యాప్ తీసేస్తే చందా ఆగదని వాడికి తెలియదు. అది వేరే చోట, వేరే మెనూలో, వేరేగా ఆపాలి. మళ్ళీ జనవరి వచ్చేదాకా నెలనెలా డాలర్లు కోసుకున్నారు.

అమ్మ వెనకనుంచి వింటోంది. “యోగా నీకు రాలేదు గాని, యోగం వాళ్ళకి పట్టిందిరా” అంది.

కంప్యూటర్ల జోలికి నేను వెళ్ళదలుచుకోలేదు. మా నాన్నగారు బతికున్న రోజుల్లో విండోస్ ఎక్స్‌పీ మెషీన్ మీద ఏ ప్రోగ్రామైనా నచ్చకపోతే దాని షార్ట్‌కట్‌ని రీసైకిల్ బిన్‌లోకి తోసి, చేతులు దులుపుకుని, “పోయింది” అనేవారు. ఉచితంగా వచ్చే ప్రతిదీ తనతో పాటు ఒక టూల్‌బార్‌ని తెచ్చేది. ముందే టిక్ పెట్టి ఉన్న గడిని ఆయన ఎప్పుడూ తీసేవారు కాదు, వాళ్ళు పెట్టింది మనం తీయడం మర్యాద కాదని. చివరికి బ్రౌజర్‌లో టూల్‌బార్లు అరపలకల్లా దిగి దిగి, పేపరు చదువుకోవడానికి కింద నాలుగు వేళ్ళ సందు మిగిలింది. ఆయన ఆ సందులోనుంచే రోజూ సంపాదకీయం చదివేవారు. ఓ యాంటీవైరస్‌ని వదిలించుకోవాలంటే ఆ కంపెనీవాడే ఇచ్చే ఇంకో ప్రోగ్రాం దింపుకోవాల్సి వచ్చింది. పెళ్ళి చేయించిన పురోహితుణ్ణే విడాకులకీ పిలిచినట్టు. అతను కూడా పోతూ పోతూ ‘మమ్మల్ని ఎందుకు వదులుకుంటున్నారు?’ అని ఐదు ప్రశ్నల కాగితం ముందు పెట్టాడు. నాన్నగారు ఐదిటికీ ఓపిగ్గా జవాబు రాశారు, చివర ‘భవదీయుడు’ అని కూడా.

ఇంతకీ అమ్మ ఫోన్. రాత్రి పదకొండయ్యేసరికి తొంభై మూడులో ముప్ఫై నాలుగు మిగిలాయి. చోటు బోలెడంత వచ్చింది. తెల్లవారుజామున భోగి మంట దగ్గర అమ్మ ఫొటోలే ఫొటోలు. మంటవి, మంటలో పడ్డ ఒంటికాలి బల్లవి, సాయంత్రం మనవల నెత్తిన పోసిన భోగిపళ్ళవి. కనుమ నాటికి ఆకుపచ్చ బొమ్మలో వచ్చిన పండగ శుభాకాంక్షల వీడియోలతో సగం చోటు మళ్ళీ నిండింది. అది నా పరిధిలో లేదు.

పండగ అయ్యాక మంగళవారం. బ్యాంకులో నా కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉన్నారు. అమ్మ ఫోన్.

“ఒరేయ్, పసుపు రంగు బొమ్మ కనపడటంలేదు. పంచాంగం.”

పంచాంగాలు మూడుంటే రెండు దండగని, చూడటానికి పాతగా ఉన్న రెండూ పీకేశాను. మిగిల్చిన ఒక్కటి హిందీదట. చెల్లెలి కొడుకు వాళ్ళూరు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎలా దింపుకోవాలో ఫోన్‌లో అమ్మకి చెప్పడం మొదలుపెట్టాను గాని, “త్రికోణం బొమ్మ నొక్కమ్మా” అంటే “ఏ త్రికోణం?” అనే దగ్గరే క్యూలో మొదటి పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“నేను చూసి చెప్తానుండు” అని, అదే పసుపు బొమ్మని నా ఫోన్‌లో వేసుకున్నాను. లొకేషన్ కావాలంది, ఇచ్చాను. కాంటాక్టులు కావాలంది. రాహుకాలానికి నా కాంటాక్టులతో పనేమిటని ఒక్క క్షణం అనిపించింది, కానీ ఎదురుగా పెద్దాయన ఉన్నాడు, ఇచ్చేశాను. రెండు ప్రకటనలు దాటాక పేజీ తెరుచుకుంది.

“మూడు నుంచి నాలుగున్నర అమ్మా.”

“మంగళవారం రాహుకాలం ఎప్పుడూ అంతేగా, అది నాకు తెలియదా? వర్జ్యం ఎప్పుడో చూడరా.”