సముద్రం మాది, చలానా మాకే

నేను ఉక్కు కర్మాగారంలో వైర్ రాడ్ మిల్లులో చేసి రిటైరైనవాణ్ణి. అయిదున్నర మిల్లీమీటర్ల కడ్డీ వెంట్రుకవాసి లావు తేలినా మా ఇన్‌చార్జి ఆ కాయిల్‌ని పక్కన పెట్టించేవాడు, దాంతోపాటు మమ్మల్ని కూడా. అలా కొలతల్లో తలపండిన నాకు, మా తాత వదిలిన డెబ్బై సెంట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో చెప్పే కాగితం ఒకటి అవసరం పడింది. భూమి భీమిలి దాటాక ఒక పల్లెలో. ఊరి పేరెందుకు లెండి, అక్కడ ఇంకా పని మిగిలే ఉంది.

అమ్మాయి పేర రాసిద్దామని వెళితే దస్తావేజు రాసేవాడు "ఎఫ్‌ఎంబీ నకలు పట్రండి మాస్టారూ" అన్నాడు. ఎఫ్‌ఎంబీ అంటే ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పేజీ చొప్పున సర్కారు దాచుకున్న కొలతల పుస్తకం. సరే అని కౌంటరుకి వెళ్లాను. అక్కడి అమ్మాయి మంచిపిల్ల, మొహం చిట్లించకుండా అన్నీ చెప్పింది.

"నకలుకి ఒక ఫీజు బాబాయ్ గారూ. నకలులో ఉన్నట్టు పొలం లేకపోతే సర్వేకి పెట్టుకోవాలి, దానికి వేరే. మీ వాటా విడిగా చూపించాలంటే సబ్ డివిజన్, దానికింకోటి. అది అయ్యాక కొత్త మ్యాపు నకలు కావాలంటే మళ్లీ నకలు ఫీజు. యూజర్ చార్జీలు ఎలాగూ ఉంటాయి."

"మరి భూమికో తల్లీ?"

"అది మీదే కదండీ, దానికేం లేదు."

ఆ ఒక్క రాయితీకీ నమస్కారం పెట్టి చలానా కట్టాను. నకలు వచ్చింది. ఎప్పుడో మడత పడ్డ కాగితాన్ని స్కాన్ చేశారేమో, మడత సరిగ్గా మా సబ్ డివిజన్ నంబరు మీదుగా పోయింది. పక్కవాళ్ల నంబర్లన్నీ ముత్యాల్లా ఉన్నాయి. మా నంబరు ఉండాల్సిన చోట నల్లటి చార. కాబట్టి సర్వే. కాబట్టి ఇంకో చలానా.

సర్వే నాడు రసీదుకెక్కని ఖర్చులు ఉంటాయి. గట్టు మీద తుప్పలు కొట్టడానికి ఇద్దరు కూలీలు, రాయి పాతడానికి గునపం, వచ్చినవాళ్లకి ఆటో, ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, మధ్యమధ్య కొబ్బరి బొండాలు. ఇదంతా నేను మర్యాద ఖాతాలో రాసుకున్నాను. ఇప్పుడు గొలుసులు పోయి రోవర్లొచ్చాయి. పొడుగాటి కర్ర, దాని నెత్తిన పుట్టగొడుగులాంటి యంత్రం. ఉపగ్రహాలతో మాట్లాడుతుందట. మా గట్టు మీది చింతచెట్టు కిందకి వెళ్లేసరికి మాత్రం మాట పడిపోయింది. "ఫిక్స్ రావట్లేదు సార్" అంటూ వాళ్లు ఎండలోకీ నీడలోకీ తిరుగుతుంటే, పక్క పొలం పెద్దాయన చుట్ట ఆర్పి అడిగాడు: "ఆకాసం నుంచి కొలిసేదానికి కిందున్నోళ్లకి బొండాలెందుకు బాబూ?" నా దగ్గర జవాబు లేదు. ఆయనకీ ఒక బొండాం కొట్టించాను.

మిల్లు బుద్ధి ఊరికే పోదు కదా, రాత్రి ఆ నకలు ముందు పెట్టుకుని స్కేలు తీశాను. రెండు వేలో వంతు స్కేలు మీద గీసిన పటంలో అర మిల్లీమీటరు గీత అంటే నేల మీద ఒక మీటరు. మా పడమటి గట్టు పొడవు అరవై మీటర్లు. అంటే గీత ఈ అంచు నాదా ఆ అంచు నాదా అన్నదానిలోనే అరవై చదరపు మీటర్లు, అంటే డెబ్బైరెండు గజాలు ఉన్నాయి. మన రాష్ట్రంలో మొన్నటిదాకా పల్లెల్లో పేదలకిచ్చిన ఇంటి స్థలం సెంటున్నర. లెక్క కడితే అదీ ఇంతే. గీత గీసినాయన పెన్సిలు చెక్కుకోకపోతే ఒక ఇల్లు లేచిపోతుందన్నమాట. విశాఖ చుట్టుపక్కల గజం ధర తెలిసినవాళ్లకి ఇది చదవగానే గుండె దడ పుడుతుంది. నాకు ఆ రాత్రి పుట్టింది.

"మీ భూమి వెబ్‌సైటులో ఎఫ్‌ఎంబీ ఉచితంగానే కనబడుతుంది కదా, ఎందుకింత గోల" అని మా అల్లుడుగారి సందేహం. నిజమే, కనబడుతుంది. కానీ ఆ ప్రింటు పట్టుకెళితే బ్యాంకువాడు తిప్పి చూసి "సంతకం ఏదండీ?" అంటాడు. చూసుకోవడం ఉచితం, చూపించుకోవాలంటే ఫీజు. మనం కొనేది మ్యాపు కాదు, దాని మూల పడే గుండ్రటి ముద్ర.

అసలు కొలతల విషయంలో ఈ దేశం మా విశాఖకి బాకీ ఉంది. దేశమంతా త్రిభుజాలు గీసుకుంటూ పోయిన ఆ మహా సర్వే 1802లో మద్రాసు దగ్గర మొదలైంది. ఆ త్రిభుజాలు సరిగ్గా వచ్చాయో లేదో తేల్చడానికి అక్కడక్కడా ఒక ఆధారరేఖను నేల మీద స్వయంగా కొలిచేవారు. దేశం మొత్తమ్మీద అలాంటివి పదో ఎన్నో, అందులో ఒకటి 1862-63లో విశాఖపట్నం దగ్గర కెప్టెన్ బసేవీ కొలిచింది. ఇనుమూ ఇత్తడీ జోడించిన పదడుగుల కడ్డీలతో, ఎండకి సాగినా కొలత మారకుండా. ఉక్కు ఫ్యాక్టరీ రావడానికి వందేళ్ల ముందే మా నేల మీద లోహంతో అంత జాగ్రత్త పడ్డారంటే, మిల్లువాడిగా నాకు కాస్త గర్వం.

పొడవు సంగతి అదీ. ఎత్తుకీ మేమే. సగటు సముద్ర మట్టం తేల్చడానికి తెల్లవాళ్లు తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లు కొలిచారు. కరాచీ, బొంబాయి, మద్రాసుల సరసన విశాఖపట్నం కూడా ఉంది. 1909 నాటికి స్థిరపడిన ఆ మట్టమే దేశంలో ఎత్తులన్నిటికీ సున్నా అయింది. మీ ఊరి రైల్వే స్టేషను పసుపు బోర్డు కింద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లని రాసి ఉంటుంది చూడండి, అందులో తొమ్మిదో వంతు సముద్రం మాది. బోర్డుకి రూపాయి చొప్పున అడిగినా జీవీఎంసీ చెత్త పన్ను వెయ్యకుండా గడిపేసేది. మేం అడగలేదు.

ప్రతిఫలంగా ఏం దక్కింది? తీరం నుంచి దాదాపు 80 కిలోమీటర్ల లోపలి టోపో పటాలు చాలాకాలం రిస్ట్రిక్టెడ్. విశాఖవాడు విశాఖ పటం కొనుక్కోవాలంటే రక్షణ శాఖ పేరు చెప్పేవారు. ఆ రోజుల్లోనే, 2005 నుంచి, గూగుల్‌వాడు మా డాబా మీద వడియాల గుడ్డతో సహా ప్రపంచానికి చూపించాడు. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా తన 250వ ఏట, 2017లో, కొన్ని పటాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మిగతా బిగింపులూ చాలా వరకు సడలించింది. ఆలస్యమైనా సంతోషమే. కేంద్రం కొండలనూ గుట్టలనూ ఉచితం చేసింది. నా గట్టు మాత్రం రాష్ట్రం జాబితాలో ఉంది.

ఉచితంగా ఇస్తే ఏమవుతుందో బయట చూడండి. అమెరికావాళ్లు ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాన్ని ఒక్కోటి 600 డాలర్లకు అమ్మేవారు. రోజుకు యాభై చిల్లర పోయేవి. 2008లో ఉచితమన్నారు, రోజుకు వేలల్లోకి వెళ్లింది. అమ్మినప్పుడు ఖజానాకి వచ్చిందెంతో గానీ, ఇచ్చినప్పుడు రైతుకీ అడవికీ పనికొచ్చింది మాత్రం ఎక్కువ.

మన దగ్గర ఉచితంగా ఏదీ జరగలేదని అనను. 2020 డిసెంబరు 21న మొదలెట్టిన రీసర్వేలో ఉచితంగా కొలిచారు, ఉచితంగా రాళ్లూ ఇచ్చారు. రాళ్ల మీద అప్పటి ముఖ్యమంత్రిగారి ముద్ర పడింది, 2024లో ప్రభుత్వం మారాక ఆ ముద్ర చెరిపే పని పడింది. రాయి మీద ఎవరుండాలన్న చర్చ తేలింది. రాయి ఎక్కడుండాలన్నది మా పక్క పొలం పెద్దాయనా నేనూ ఇంకా మాట్లాడుకుంటున్నాం.

పోనీ పాత కాగితాల మీద ఆధారపడదామంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ గాలికి కొన్ని రికార్డులు గల్లంతయ్యాయని తర్వాత విన్నాం. 2017లో విశాఖ భూ రికార్డుల తారుమారు మీద సిట్ వేసేదాకా వెళ్లింది. అంత పెనుగాలికీ సరిగ్గా ఖరీదైన సర్వే నంబర్లే ఎలా దొరికాయోనని మా టీ కొట్టు దగ్గర అప్పట్లో అందరికీ ఆశ్చర్యమే.

ఫీజులు తీసేయమని నా వాదన కాదు. సర్వేయరుకి జీతమివ్వాలి, రోవర్లు కొనాలి, కొత్తగా కొలవమన్నవాడు కొలత కూలి ఇచ్చుకోవాలి. కానీ ఎప్పుడో కొలిచేసిన పొలం, ఎప్పుడో గీసేసిన పటం, మా తాత కట్టిన శిస్తుతో తయారైన కాగితం. దాన్ని మనవడికి మళ్లీ అమ్మడం అన్యాయం. రెవెన్యూ మంత్రిగారికి నా మనవి ఒక్కటే: వెబ్‌సైటులో చూపిస్తున్న ఆ ఎఫ్‌ఎంబీ మీదే డిజిటల్ సంతకం పెట్టించండి, బ్యాంకులూ రిజిస్ట్రారు ఆఫీసులూ దాన్నే ఒప్పుకోవాలని ఒక జీవో ఇవ్వండి. ఆ జీవో వచ్చేదాకా, చదువరులారా, మీ ఇంట్లో పాత నకలు ఉంటే ఈ రోజే బయటికి తీసి నాలుగు జిరాక్సులు తీయించుకోండి. మడత మాత్రం మీ నంబరు మీద పడకుండా చూసుకోండి.