ఊడలు దిగిన జట్టు: ఒక బంతి ఆత్మకథ

నేను బాస్కెట్‌బాల్‌ని. చుట్టుకొలత ముప్పావు మీటరు, బరువు 600 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఒంటి నిండా ఆవగింజలంత గరుకు చుక్కలు, పలకకూ పలకకూ మధ్య నల్లటి గాట్లు, ఒకచోట సూది దూరేంత వాల్వ్. హైదరాబాద్ శివార్లలో జన్వాడ చుట్టుపక్కల కాలేజీల కోర్టులే నా లోకం. గండిపేటలో సీబీఐటీ, ఎంజీఐటీ, అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, చిలుకూరులో కేజీ రెడ్డి, శంకర్‌పల్లి రోడ్డు మీద దొంతాన్‌పల్లిలో ఇక్ఫాయ్. ఒక్క పూటలో చుట్టి రాగలిగినంత మేరలో ఇన్ని ఉన్నాయి. ఏటా ఫైనలియర్ వాళ్ళు సర్టిఫికెట్లు తీసుకుని గేటు దాటాక, మిగిలినవాళ్ళు నన్ను మధ్యలో పెట్టుకుని కూర్చుని వేసుకునే ప్రశ్న ఒకటే: వచ్చే ఏడాది మన జట్టు ఎలా ఉంటుంది? జవాబు కోసం పేర్లు లెక్కపెడతారు. ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, ఫస్టియర్‌లో పొడుగు పిల్లవాడు ఎవరైనా చేరాడా అని ఆరా తీస్తారు. జట్టును పేర్లతో కొలిస్తే లెక్క తప్పుతుందని నేనంటాను. కోర్టు మీద గడిపిన నిమిషాలతో కొలవాలి. నిరుడు నిజమైన మ్యాచ్‌లో నన్ను పట్టుకున్న చేతుల్లో ఎన్ని ఈ ఏడాది కూడా ఇక్కడే ఉన్నాయి? వచ్చే సీజన్ జాతకం ఆ ఒక్క సంఖ్యలోనే ఉంటుంది.

నా పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోకుండా ఈ వాదన సాగదు, ఎందుకంటే నా ఆట పుట్టిందే కాలేజీలో. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు చలికాలంలో విద్యార్థులకు గది లోపల ఆడే ఆట ఒకటి కావాలని ఆలోచించాడు. బాల్కనీ అంచుకు పీచ్ పండ్ల బుట్టలు రెండు బిగించి, 13 నియమాలు రాశాడు. ఆ అంచు నేలకు 10 అడుగుల ఎత్తున ఉంది కాబట్టే ఈనాటికీ రింగు ఎత్తు 3.05 మీటర్లు. మొదటి ఆటలో ఫుట్‌బాల్ వాడారు. నా జాతి తర్వాత పుట్టింది. చాలాకాలం మట్టి రంగులో ఉన్నాం. ఆటగాళ్ళకూ ప్రేక్షకులకూ బాగా కనబడాలని 1950ల చివర్లో టోనీ హింకిల్ అనే కాలేజీ కోచ్ పట్టుబట్టాక ఈ నారింజ రంగు వచ్చింది. మన దేశానికి కూడా వైఎంసీఏ వాళ్ళే తెచ్చారు. హ్యారీ బక్ 1920లో మద్రాసులో మొదలుపెట్టిన వ్యాయామ విద్యా కళాశాల నుంచి బయటికొచ్చిన డ్రిల్లు మాస్టార్ల చేతుల మీదుగా దక్షిణాదిలో ఊరూరికీ పాకాం. బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ 1950లో ఏర్పడింది. 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆడింది. ఇన్ని మజిలీల్లోనూ నన్ను మోసింది ముఖ్యంగా బడి పిల్లలూ కాలేజీ పిల్లలే. కాలేజీ పిల్లలు నాలుగేళ్ళకు మించి నిలవరు. ఏటా నాలుగో వంతు చేతులు మారిపోయే ఇంట్లో బతకడం నాకు పుట్టుకతో వచ్చిన స్థితి. అందుకే జట్టు కూర్పు గురించి మాట్లాడే అర్హత నాకుందని నమ్ముతున్నాను.

ఇప్పుడు లెక్క చూడండి. మ్యాచ్ అంటే పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 40 నిమిషాలు. కోర్టులో ఒక్కో పక్షాన ఐదుగురు. అంటే కోచ్ చేతిలో పంచిపెట్టడానికి 200 నిమిషాలున్నాయి. జట్టులో పన్నెండు మంది. ఈ కాలేజీల్లో తరచుగా కనిపించే కూర్పునే ఉదాహరణగా తీసుకుందాం. మొదటి ఐదుగురిలో నలుగురు ఫైనలియర్, ఒకడు థర్డియర్. నలుగురూ తలా 35 నిమిషాలు ఆడితే 140. థర్డియర్ కుర్రాడు 30 ఆడితే, బెంచీ మీద ఏడుగురికి మిగిలేవి 30. తలా నాలుగు నిమిషాలు, అవి కూడా మ్యాచ్ ఫలితం తేలిపోయాక. ఆ నలుగురూ వెళ్ళిపోయిన రోజున జట్టులో ఎనిమిది మంది మిగిలారని నోటీసు బోర్డు చెబుతుంది. నా లెక్కలో మిగిలింది 200లో 60, నూటికి 30. అదే నలుగురూ తలా 26 నిమిషాలతో సరిపెట్టుకుని, థర్డియర్ అబ్బాయి కూడా 26 ఆడితే, బెంచీ వాళ్ళకు తలా పదేసి నిమిషాలు వస్తాయి. వచ్చే ఏడాదికి మిగిలేది 96, దాదాపు సగం. మనుషులు అదే పన్నెండు మంది. పేర్ల జాబితాలో ఒక్క అక్షరం మారలేదు. కానీ ఈ రెండు జట్ల భవిష్యత్తూ ఒకటి కాదు.

ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతుందో నాకంటే దగ్గరగా చూసేవాళ్ళు లేరు. కొత్తగా వచ్చినవాడు నన్ను అరచేత్తో చరుస్తాడు. చప్పుడు పెద్దగా వస్తుంది, నేను ఎటు లేస్తానో వాడికే తెలియదు, చూపు నా మీద నుంచి తిప్పలేడు. ఆట నేర్చినవాడు వేలికొసలతో నొక్కి వదులుతాడు. నేను నడుము దాటకుండా లేచి మళ్ళీ అదే వేళ్ళ కిందికి వస్తాను, వాడి కళ్ళు కోర్టంతా తిరుగుతుంటాయి. అరచేతి నుంచి వేలికొసల దాకా ప్రయాణం సాయంత్రం ప్రాక్టీసులో చాలా వరకు పూర్తవుతుంది. కానీ ఎదుట ఒకడు చేతులు చాచి మీద మీదికి వస్తున్నప్పుడు, 8 సెకన్లలో సగం గీత దాటాలి, 24 సెకన్లలో షాట్ వెయ్యాలి అన్నప్పుడు, అదే కుర్రాడి చెయ్యి తిరిగి అరచేతికే పోతుంది. ఆ బెరుకు మ్యాచ్‌లో తప్ప మరెక్కడా పోదు. అందుకే జట్టులో అన్నిటికంటే ఆలస్యంగా తయారయ్యేవాడు పాయింట్ గార్డ్. పొడుగు పిల్లవాడు ఒక్క అడ్మిషన్‌తో రావచ్చు, దూరం నుంచి షాట్లు వేసేవాడు ఎండాకాలమంతా ఒంటరిగా సాధన చేసి రాటుదేలవచ్చు. ఒత్తిడిలో నన్ను మన బుట్ట నుంచి ఎదుటి బుట్ట వైపు మోసుకొచ్చే పాయింట్ గార్డ్‌ను మాత్రం ముందటేడే కోర్టు మీదికి దించి ఉండాలి. వచ్చే సీజన్ గురించి నన్నడిగితే నేను మొదట అడిగేది ఇదే: మీ రెండో పాయింట్ గార్డ్ నిరుడు ఎన్ని నిమిషాలు ఆడాడు?

దీనికి పెద్ద అభ్యంతరం ఒకటుంది, తీసిపారేయదగ్గది కాదు. ఆడేది ఈ ఏడు గెలవడానికి కదా, ఫైనలియర్ వాళ్ళకు ఇదే చివరి అవకాశం కదా, వచ్చే ఏటి వాళ్ళ కోసం వీళ్ళెందుకు ఓడిపోవాలి అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే బెంచీకి నిమిషాలిస్తే ఓడిపోతామన్న మాటకు ఆధారం బలహీనం. ఐదు ఫౌల్స్ చేసినవాడు బయటికి పోవాల్సిందే. ఒక క్వార్టర్‌లో జట్టు ఫౌల్స్ నాలుగు దాటితే ఎదుటివాళ్ళకు ఫ్రీ త్రోలు. 35 నిమిషాలు పరిగెత్తినవాడి కాళ్ళు చివరి క్వార్టర్‌లో బరువెక్కుతాయి. కాళ్ళు కదలనప్పుడే చేతులతో ఆపబోయి ఫౌల్ చేస్తాడు. వరుస రోజుల్లో మ్యాచ్‌లు ఆడాల్సిన అంతర్‌కళాశాల పోటీల్లో ఆరో మనిషి, ఏడో మనిషి తయారుగా లేని జట్టు మొదటి మ్యాచ్ గెలిచి మూడోదాంట్లో చతికిలపడుతుంది. చరిత్రలో దీనికి గట్టి సాక్ష్యమే ఉంది. అమెరికాలో యూసీఎల్‌ఏ కాలేజీ జట్టు జాన్ వుడెన్ శిక్షణలో 12 ఏళ్ళలో 10 జాతీయ టైటిళ్ళు గెలిచింది. 1967, 68, 69ల్లో వరుసగా మూడు గెలిపించిన 7 అడుగుల 2 అంగుళాల లూ ఆల్సిండర్, అంటే తర్వాతి కరీం అబ్దుల్ జబ్బార్, చదువు ముగించి వెళ్ళిపోయాడు. ఇక అయిపోయిందనుకోవాల్సిన చోట ఆ జట్టు 1970లో, 71లో కూడా గెలిచింది. గెలిపించిన సిడ్నీ విక్స్ అంతకుముందు ఏడాది ఆల్సిండర్ ఆడుతుండగా బెంచీ నుంచి లేచి వచ్చి ఆడినవాడే. కర్టిస్ రో అప్పటికే ఆల్సిండర్ పక్కన నిలబడి ఆడినవాడు. పెద్దవాడు ఉండగానే చిన్నవాళ్ళను దింపారు, అయినా ఆ ఏడూ గెలిచారు. ఈ ఏటి గెలుపునూ వచ్చే ఏటి జట్టునూ ఒకదానికొకటి పోటీ పెట్టనక్కర్లేదు.

మరికొందరు, అంత ఓపిక ఎందుకు, తయారైన ఆటగాళ్ళను తెచ్చుకుంటే పోలా అంటారు. అమెరికాలో ఇప్పుడు ఆ దారి ఉంది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021 నుంచి కాలేజీ మారినవాడు ఏడాది ఆగకుండా వెంటనే ఆడొచ్చు. ఒక్క వేసవిలో సగం జట్టును మార్చేసే కాలేజీలు అక్కడున్నాయి. మనకు ఆ దారి లేదు. కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన కాలేజీలో నాలుగేళ్ళు చదువుకునే పిల్లలు వీళ్ళు. స్పోర్ట్స్ కోటా ఇంజనీరింగ్‌లో నూటికి అర, అంటే 200 సీట్లకు ఒకటి. అది కూడా ఎన్నో ఆటల మధ్య పంచుకోవాలి. పక్క తలుపు ఒక్కటే ఉంది: డిప్లొమా చదివి ఈసెట్ ద్వారా నేరుగా సెకండియర్‌లోకి వచ్చేవాళ్ళు. వాళ్ళను తరచుగా మరిచిపోతారు. పాలిటెక్నిక్ మైదానాల్లో మూడేళ్ళు ఆడి వచ్చినవాడు ఫస్టియర్ పిల్లవాడికంటే ముందుంటాడు, మూడేళ్ళు మనతో ఉంటాడు. సెకండియర్ తరగతులు మొదలైన వారంలోనే వాళ్ళను కోర్టుకు పిలవాలి. పొడుగు సంగతికొస్తే, ఎత్తు గొప్ప వరమే. కానీ రింగు కింద నిలబడ్డ పొడుగువాడి చేతికి నన్ను చేర్చేవాడు లేకపోతే ఆ ఎత్తు మ్యాచంతా చేతులెత్తి అడుగుతూనే ఉంటుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం తల్లిదండ్రులది. మనసులో నేనూ వాళ్ళ పక్షమే. పిల్లలు ఇక్కడికి వచ్చింది ఇంజనీర్లు కావడానికి. ఫోర్-వన్, అంటే నాలుగో ఏడు మొదటి సెమిస్టర్, మొదలయ్యేసరికి ప్లేస్‌మెంట్లు, రెండో సెమిస్టర్ ఫోర్-టూలో ప్రాజెక్టు. ఆటకు వేళెక్కడ? నా వాదనకు అన్నిటికంటే గట్టి బలం ఈ మాటలోనే దొరుకుతోంది. ఫైనలియర్ వాడి మీద 35 నిమిషాలు మోపే జట్టు, ఇంటర్వ్యూ ఉన్న రోజున వాడు రాలేకపోతే కుప్పకూలుతుంది. లేదా వాడు ఇంటర్వ్యూ వదులుకుని వస్తాడు, అది అంతకన్నా తప్పు. భారం పంచిన జట్టులో వాడు నిశ్చింతగా ఇంటర్వ్యూకి వెళ్ళగలడు. అమ్మాయిల జట్టుకు ఇది మరీ వర్తిస్తుంది. వాళ్ళు ఆడేది నాకన్నా కాస్త చిన్నదైన నా చెల్లెలితో, సైజు 6. పన్నెండు మంది కూడటమే కష్టమై ఏడెనిమిది మందితో బరిలోకి దిగే జట్టులో ఇద్దరు వెళ్ళిపోతే మిగిలేది జట్టే కాదు. అక్కడ ఫస్టియర్ అమ్మాయిని బెంచీ మీద కూర్చోబెట్టడమంటే వచ్చే ఏడు జట్టు వద్దని చెప్పడమే.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ వెళ్ళే దారిలో వందలాది మర్రిచెట్లున్నాయి. రోడ్డు విస్తరణలో వాటిని కాపాడాలని ఎందరో ఏళ్ళ తరబడి పోరాడారు. మా కాలేజీల జట్లకు పాఠం ఆ చెట్ల కింద దొరుకుతుంది. మాను బలంగా ఉండగానే మర్రి కొమ్మల నుంచి ఊడలు జారుతాయి. మొదట వేలాడే తాళ్ళలా, ఏ పనికీ రానట్టు కనిపిస్తాయి. పిల్లలు పట్టుకుని ఊగుతారు. నేలను తాకిన ఊడ బలిసి మరో మానవుతుంది, తాకనిది ఎన్నేళ్ళున్నా తాడే. హౌరా వృక్షోద్యానంలోని పెద్ద మర్రికి తెగులు పట్టి 1925లో అసలు మానునే తీసేయాల్సి వచ్చింది, చెట్టు మాత్రం ఈనాటికీ నిలిచే ఉంది. మాను పోకముందే ఊడలు నేల తాకి ఉన్నాయి కాబట్టి. బెంచీ మీద కూర్చున్న ఏడుగురూ అలాంటి ఊడలే. వాళ్ళను నేలకు తాకించే పని ఫైనలియర్ వాళ్ళు వెళ్ళాక జరిగేది కాదు, వాళ్ళుండగానే జరగాలి. అందుకే నేను సీనియర్లను కోరేది ఒకటే. ఒక్కొక్కరు ఒక్కొక్క జూనియర్‌ను ఎంచుకోండి. మీ తొమ్మిది నిమిషాలు వాళ్ళకివ్వండి. వాళ్ళు తప్పు చేస్తే బయటికి లాగేయకండి, మరో రెండు నిమిషాలు ఉండనివ్వండి.

సిమెంటు కోర్టు మీద నా బతుకు ఎక్కువ కాలం సాగదు. గరుకు చుక్కలు అరిగి నున్నబడతాను, పట్టు జారుతుంది, వాల్వ్ దగ్గర గాలి దిగుతుంది. స్టోర్ రూమ్‌లో ఒక మూలకు చేరతాను, నా స్థానంలో కొత్తది వస్తుంది. దానికి నాకు బాధ లేదు. నేను పనికొచ్చింది ఎవరి చేతిలోనూ ఆగిపోకుండా ముందుకు సాగినన్నాళ్ళే. జూలైలో కోర్టు చుట్టూ కూర్చుని వచ్చే సీజన్ గురించి మాట్లాడుకునేటప్పుడు, దయచేసి నిరుటి స్కోర్ షీట్లు తెచ్చి ముందు పెట్టుకోండి. అందులో పాయింట్ల గడి కాకుండా, ఎవరెవరు మ్యాచ్‌లోకి దిగారో ఆ గడి చూడండి. సెకండియర్ పేర్ల ఎదుట ఆ గళ్ళు నిండి ఉంటే, ఈ ఏడు మీకు జట్టు ఉన్నట్టే. ఖాళీగా ఉంటే మొదటి ప్రాక్టీసు మ్యాచ్ నుంచే నింపడం మొదలుపెట్టండి.